గూళ్ళు లేని వేళ్ళు

చిలకలూరిపేట,
14-6-1998

ఒసేయ్ కోటీ,

ఇంట్లో చదువొచ్చిన పండితురాలివి నువ్వొక్కదానివే కాబట్టి ఉత్తరం నీ పేరునే రాస్తున్నాను. అమ్మకూ నాన్నకూ గట్టిగా చదివి వినిపించు. మధ్యలో ఒక గీత గీస్తాను. దాని కింద ఉన్నది నీకు మాత్రమే. అక్కడికి రాగానే ఉత్తరం అయిపోయినట్టు మడిచెయ్.

నేను క్షేమంగా చేరాను. బస్సులో పక్కనున్నాయన కోడిపిల్లల బుట్ట నా ఒళ్ళో పెట్టి, పేట వచ్చేదాకా గురక పెట్టాడు. గురువుగారి ఇల్లు ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. వీధి మొదట్లోకి రాగానే నాలుగు నాదస్వరాలు నాలుగు రకాలుగా ఏడుస్తూ వినిపించాయి. అదే ఇల్లు.

హయాత్ సాహెబ్ గారు మనిషి పొట్టి, నోరు పొడుగు. నన్ను చూడగానే, "రాఘవులు కొడుకువా? మీ నాయన నా దగ్గర ఏడేళ్ళున్నాడు. ఏడేళ్ళలో మూడు బెత్తాలు విరిగినయ్. నీకెన్ని కావాల్రా?" అన్నారు. ఒకటి చాలండీ అన్నాను. నవ్వారు. నవ్వుతూనే వీపు మీద ఒకటి ఇచ్చారు.

ఇక్కడ సన్నాయి ఒక్కటే నేర్చుకుంటానంటే కుదరదు. ఆరు నెలలు శ్రుతి పట్టాలి, తాళం వెయ్యాలి, డోలు వాయించాలి. అవన్నీ వచ్చాకే సన్నాయి. "పక్కవాడి చేతుల్లో ఏముందో తెలియనివాడు మేళంలో కూర్చోకూడదు" అంటారు. నాన్నకు చెప్పు, అల్లం కషాయం మానొద్దని. దగ్గు తగ్గిందా?

———

ఇక నీకు. మాటిచ్చినట్టే ఇక్కడ చెప్పిన ప్రతి పాఠమూ రాస్తాను. తలుపు చాటున నిలబడి విన్న విద్య ఎన్నాళ్ళు దాస్తావో చూస్తాను. ఆ రాగి తీగ చుట్టిన పగుళ్ళ సన్నాయి నాన్నకు దొరక్కుండా గడ్డివాములోనే ఉంచు.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. డోలుకు కుడివైపు వేళ్ళతో కొడతాం కదా. గుడ్డ పేలికలు అన్నం జిగురుతో చుట్టి, ఎండబెట్టి, గూళ్ళలాగా ఆ వేళ్ళకు తొడుక్కోవాలి. అవి లేందే గురువుగారు డోలు ముట్టుకోనివ్వరు. నిన్న బుడే అని, ఆయన చెల్లెలి మనవడు, నా ఈడువాడే, సరదాకి ఉత్త వేళ్ళతో నాలుగు దెబ్బలు వేశాడు. ఆ పూట వాడికి అన్నం లేదు. "సన్నాయి రంధ్రం మీద వేలు పాకాల్రా. వేలికొస మొద్దుబారిందా, గమకం చచ్చింది. ఇంక నువ్వు సన్నాయి పట్టుకుంటే ఎంత, ఊదుగొట్టం పట్టుకుంటే ఎంత" అన్నారు.

అన్నయ్య,
లక్ష్మీకాంత్

*

గుడిపాలెం, సత్తెనపల్లి దగ్గర,
2-8-1998

అన్నయ్యకు,

కోటి దండాలు. నా పేరే కోటి కాబట్టి ఒక్కటి పెట్టినా సరిపోతుంది.

పత్తి గింజ పెట్టాం. వాన మొహం చాటేసింది. బుల్లయ్య బాబాయి డోలు ఎండలో పెట్టి మర్చిపోయాడు. తోలు బిగుసుకుపోయి, కొడితే రేకు డబ్బాలా మోగుతోంది. పిన్ని దాన్ని వడియాలు ఎండబెట్టుకోవడానికి ఇమ్మందట.

అన్నయ్యా, దొరికిపోయాను. నాన్న చేలో ఉన్నారు కదా అని గడ్డివాము వెనక సన్నాయి తీశాను. అక్కడ పెద్ద శిష్యులకు చెబుతుంటే విని పోయిన నెల నువ్వు రాసిన తోడి రాగం పాఠం. మంద్ర స్థాయిలో ధైవత స్వరం దగ్గర వేలు పూర్తిగా మూయకుండా ఊపాలన్నావే, అది పది రోజులకు పట్టుబడింది. ఊపుతూ ఊపుతూ కళ్ళు తెరిస్తే నాన్న ఎదురుగా నిలబడి ఉన్నారు. చావే అనుకున్నాను. కొట్టలేదు. "మళ్ళీ వాయించు" అన్నారు. వాయించాను. మళ్ళీ అన్నారు. నాలుగోసారికి గడ్డి మీద కూలబడి, "వాడి ఊపిరీ దీని వేళ్ళూ ఒక్కరికే ఇస్తే ఆ దేవుడి సొమ్మేం పోయింది" అన్నారు. అమ్మ అయితే రాత్రికి పరమాన్నం వండింది.

ఈ మాట నీకు ఎంత తొందరగా చెబుదామా అని ఇన్‌లాండ్ కవరు కోసం సత్తెనపల్లి దాకా నడిచి వెళ్ళాను. అంతా నీ చలవే. తర్వాతి పాఠం రాయి. గురువుగారికి కూడా ఈ సంగతి చెప్పు.

నీ చెల్లెలు,
కోటేశ్వరి

*

చిలకలూరిపేట,
30-8-1998

కోటీకి,

నీ సంగతి గురువుగారికి చెప్పమన్నావు. చెప్పాల్సిన పని లేకపోయింది. నేను నీళ్ళకు వెళ్ళినప్పుడు నీ ఉత్తరం వచ్చింది. బుడే విప్పి, అరుగు మీద అందరి ముందూ పెళ్ళి పత్రికలా చదివాడు. నాన్న అన్న ఊపిరీ వేళ్ళూ మాట దగ్గరికి వచ్చేసరికి నేను బిందెతో గుమ్మంలో ఉన్నాను. గురువుగారు తాంబూలం నములుతూ, "అట్టయితే నువ్వెళ్ళి మీ అమ్మకు వంటలో సాయం చెయ్యరా. మీ చెల్లెల్ని పంపించు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటినుంచీ నా పేరు ఇక్కడ "ఊపిరి". అన్నానికి పిలవాలన్నా అదే పేరు.

ఏం ఫర్లేదు. సరదాకే కదా.

నాన్నకు దగ్గు ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. పరమాన్నం సంగతి మాత్రం రాశావు.

———

పాఠం ఈసారికి లేదు. తీరిక లేదు.

లక్ష్మీకాంత్

*

గుడిపాలెం,
19-1-1999

అన్నయ్యా,

నాలుగు నెలల్లో నీవి రెండే ఉత్తరాలు. అందులోనూ గీత కింద ఖాళీయే. నిద్ర చాలడం లేదేమో, బక్కచిక్కావేమో అని అమ్మ బెంగ. బుడే సంగతికి నేను పడీపడీ నవ్వాను. "ఊపిరి" బాగుంది. నాన్నకు చెబితే ఆయనా నవ్వారు.

నాన్న దగ్గు తగ్గలేదు. సంక్రాంతి మేళానికి వెళ్ళి, సగంలో సన్నాయి పీక నోట్లోంచి తీసేశారు. ఊపిరి అందలేదు. మిగతా సగం బాబాయి డోలు ఒక్కటే వాయించాడు. ఇంటికొచ్చి నాన్న ఒక మాట చెప్పారు. నీకు రాయమన్నారు.

వచ్చే ఏడు, రెండువేలలో, రాములవారి కల్యాణానికి గురువుగారిని మన ఊరు పిలుస్తారట. ఆ రోజు పొద్దున మనిద్దరం ఆయన ముందు వాయించాలి. ఎవరి సన్నాయి బాగుందని ఆయన అంటే వాళ్ళకు తాతగారి నాదస్వరమూ, రామాలయం సేవా. రెండోవాళ్ళు డోలు పట్టుకుని పక్కన కూర్చోవాలి. బాబాయికి ఎలాగూ చూపు తగ్గింది. "ఆడా మగా అనను. గురువు మాటే మాట" అన్నారు నాన్న. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం అన్నయ్యా. నాకు ఆ సన్నాయి కావాలి. దాచుకోకుండా చెబుతున్నాను. నీకూ కావాలని తెలుసు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు జున్ను కొనిపెట్టాలి, సరేనా?

గురువుగారి పద్ధతి ప్రకారం నన్నూ డోలు నేర్చుకోమన్నారు. బాబాయి దగ్గర మొదలుపెట్టాను. బాబాయి గూళ్ళు నా వేళ్ళకు వదులు. నాకు సరిపోయేవి ఎలా చేసుకోవాలి? ఏ గుడ్డ? ఎన్ని చుట్లు? తొందరగా రాయి.

కోటేశ్వరి

*

చిలకలూరిపేట,
6-2-1999

చి. కోటేశ్వరికి,

అన్నయ్య దీవెనలు. అమ్మను బెంగ పెట్టుకోవద్దని చెప్పు. బాగానే తింటున్నాను. పందెం సంగతి తెలిసింది. నాన్న ఎలా అంటే అలాగే.

———

నీ మీద నాకు కోపమని అనుకుంటున్నావేమో. పిచ్చిదానా. ఇన్నాళ్ళు పాఠాలు రాయలేదని నాకే సిగ్గుగా ఉంది. ఇప్పుడు ఒక్కటే రాస్తాను, పది పాఠాల పెట్టు.

గూళ్ళు కట్టుకోకు.

మొదట్లో నేను రాసింది నీకు గుర్తుండే ఉంటుంది. అది మొదటి ఆరు నెలల పిల్లల కోసం పెట్టిన పద్ధతి. ఆరు నెలలు దాటాక, చెయ్యి తిరిగిందని నమ్మకం కుదిరినవాళ్ళ చేత గురువుగారు గూళ్ళు తీయిస్తారు. నా చేతా బుడే చేతా తీయించారు. మొదట వేళ్ళు వాస్తాయి, తర్వాత పగులుతాయి. అప్పుడు ఆపితే అంతా వృథా. పాత తోలు పోయి కింద నుంచి కొత్త తోలు వస్తుంది. ఆ కొత్త వేలితో తోడి పట్టుకుంటే ధైవతం దానంతటదే ఊగుతుంది. రెండు వాద్యాలు కలిపి నేర్పడంలో కిటుకంతా ఇదే. ఊరికే నేర్పుతారా డోలు?

ఇది గురుముఖంగా వచ్చిన రహస్యం. బాబాయికి కానీ నాన్నకు కానీ చెబితే ఫలించదు. నాన్న హయాంలో గురువుగారు ఇది నేర్పలేదు, అందుకే నాన్నకు ఆ ధైవతం చివరిదాకా రాలేదు. బాబాయి ముందు గూళ్ళు పెట్టుకున్నట్టే నటించు. సాధకం మాత్రం విడిగా, ఉత్త వేళ్ళతో, రోజుకు రెండు గంటలు.

నీ మంచి కోరే
అన్నయ్య

*

గుడిపాలెం,
28-3-1999

అన్నయ్యా,

నీ రుణం ఎలా తీర్చుకోను? పందెంలో నాకు ఎదురు నిలబడాల్సినవాడివి, కిటుకు నాకే చెప్పావు. నీ స్థానంలో నేనుంటే చెప్పేదాన్నో లేదో. నిజంగా తెలియదు.

చేలో పత్తి కట్టె వామి ఉంది కదా, దాని వెనకాల చోటు చూసుకున్నాను. బాబాయి పాత డోలు వడియాల కోసమని పిన్ని దగ్గర అడిగి తెచ్చుకున్నాను. నువ్వు చెప్పినట్టే మొదట వాచాయి. పదో రోజుకు పగిలాయి. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, మూడూ. తోలు మీద రక్తం మరకలు పడితే బూడిదతో తుడుస్తున్నాను.

ఇప్పుడు మిరపకాయ కోతలు. అమ్మతో పాటు నేనూ కల్లంలో పనికిరాని తాలుకాయలు ఏరుతున్నాను. పుండు మీద కారం చల్లినట్టు అంటారే, అది సామెత కాదు, మా కల్లం. సాయంత్రానికి చెయ్యి మోచేతి దాకా మండుతుంది. మజ్జిగలో ముంచుతాను. అమ్మ చూసి లబోదిబోమంది. "కాయల మంటకు పగిలినయ్యే" అని తనే అనుకుంది. నేను అవునన్నాను. నీకు ఇచ్చిన మాట తప్పలేదు.

సన్నాయి పట్టుకుంటే పీక దగ్గర పెదవులకు కూడా వేళ్ళ కారం అంటుకుంటోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నాన్న, "తోడి అంటే అట్టా ఉండాల" అన్నారు. ఆయనకేం తెలుసు!

ఒక్కటి చెప్పనా, నవ్వకు. నొప్పి ఎక్కువైనప్పుడు గురువుగారు నన్నూ శిష్యురాలిగా ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. ఆయనకు నా నమస్కారం చెప్పు. ఇంకా ఎన్నాళ్ళు పగులుతాయో కనుక్కో.

కోటి

*

చిలకలూరిపేట,
9-4-1999
(కార్డు)

కోటికి, నీ నమస్కారం అందించాను. గురువుగారు చాలా సంతోషించారు. "ఆపొద్దని చెప్పు" అన్నారు. ఆయన మాటలే రాస్తున్నాను. ఇక్కడ ఎండలు దంచేస్తున్నాయి. అందరికీ నమస్కారాలు. లక్ష్మీకాంత్.

*

గుడిపాలెం,
21-11-1999

అన్నయ్యా,

గురువుగారి మాట ఉన్న కార్డు దేవుడి పటం వెనక పెట్టాను. రోజూ దాన్ని చూసే సాధకానికి వెళ్తున్నాను. కానీ భయంగా ఉంది.

కొత్త తోలు వచ్చింది. నువ్వు చెప్పినట్టే వచ్చింది. గోధుమ రంగులో, గట్టిగా, చింతగింజలా. సన్నాయి మీద పెడితే రంధ్రం ఎక్కడ మొదలవుతోందో ఎక్కడ అయిపోతోందో వేలికి తెలియడం లేదు. సగం మూశాననుకుంటాను, మొత్తం మూసుకుపోతుంది. మొన్న పొయ్యి మీది గిన్నె మూత ఉత్త చేత్తో తీసేశాను. అమ్మ కేక వేసింది. నాకు మాత్రం కాలలేదు.

ధైవతం పోయింది అన్నయ్యా. నిరుడు పది రోజుల్లో వచ్చింది, ఇప్పుడు ఆరు నెలలుగా వెతుక్కుంటున్నాను. నాన్న రోజూ వింటున్నారు. ముందు తిట్టేవారు. ఇప్పుడు లేచి బయటికి వెళ్ళిపోతున్నారు. తిట్టినా బాగుండేది.

బాబాయి నిన్న నా చెయ్యి పట్టుకుని తడిమి చూశాడు. ఆయనకు చూపు తగ్గింది కానీ చేతులకు కళ్ళున్నాయి. "గూళ్ళు కట్టుకోవట్లేదా ఏందే?" అన్నాడు. కడుతున్నాను బాబాయ్ అన్నాను. డోలు ఎడమవైపు కొట్టే తన పుల్ల నా చేతిలో పెట్టి, "డోలు మాత్రం నీ చేతిలో ఉరుముతోంది. నేను ముప్పై ఏళ్ళు కొట్టినా ఆ మోత రాలా" అన్నాడు. మెచ్చుకున్నాడో జాలిపడ్డాడో అర్థం కాలేదు.

నీకూ ఇలాగే అయిందా? ఎన్నాళ్ళకు తిరిగొచ్చింది? ఒక్క ముక్క రాయి. కల్యాణానికి ఐదు నెలలు కూడా లేదు.

కోటేశ్వరి

*

చిలకలూరిపేట,
10-1-2000

చి. కోటేశ్వరికి,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకు. బాపట్ల, చీరాల వైపు వరుసగా పెళ్ళిళ్ళు. గురువుగారు ఇప్పుడు నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంటున్నారు. "ఊపిరి" అనడం అందరూ మానేశారు. నాన్నకు ఈ మాట రెండుసార్లు చదివి వినిపించు.

———

కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. వేలు వేలుకూ తేడా ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. డోలు బాగా వస్తోందన్నావుగా, అదీ విద్యే. అందరికీ అన్నీ రావు కోటీ. పైగా రేపో మాపో పెళ్ళి చేసుకుని వెళ్ళేదానివి. అత్తారింట్లో సన్నాయి ఊదితే ఊరుకుంటారా?

కల్యాణానికి ఒక రోజు ముందే వస్తాను. జున్ను నేనే తెస్తాలే.

అన్నయ్య

*

చిలకలూరిపేట,
17-4-2000

కోటేశ్వరికి,

ఈ ఉత్తరంలో గీత పైన ఏమీ లేదు. అంతా కిందే. ఎవరికీ చదవకు.

కల్యాణం రోజు పొద్దున గురువుగారు మనిద్దర్నీ విన్నారు. నాది బాగుందన్నారు. నీ తోడి ఎలా ఉందో నీకే తెలుసు. మధ్యలోనే చెయ్యెత్తి ఆపించారు. నాన్న పెట్టె తీసి తాతగారి సన్నాయి నా చేతుల్లో పెట్టారు. పద్ధతి ప్రకారం జరిగింది. నువ్వు ఏడవలేదు, మెచ్చుకున్నాను.

మరి సాయంత్రం పందిట్లో నువ్వు చేసిందేమిటి?

ఊరంతా కూర్చుంది. తాతగారి సన్నాయి మీద నా మొదటి కచేరీ. నిదానంగా నడిచే మొదటి కాలం దాకా బుద్ధిగానే ఉన్నావు. నేను రెండో కాలంలో ఉండగానే నువ్వు ముందుకు ఉరికావు. కళ్ళతో సైగ చేశాను. చూశావు. చూసి కూడా ఆగలేదు. నీ వెంట పరిగెత్తి పరిగెత్తి మంద్రానికి వచ్చేసరికి నా ఊపిరి తెగింది. ధైవతం దగ్గర నాదస్వరం కీచుమంది. పీక పెదవికి కోసుకుని రక్తం వచ్చింది. ముందు వరసలో ఎవడో ఈల వేశాడు. నువ్వు మాత్రం తల వంచుకుని కొడుతూనే ఉన్నావు, ఉత్త చేతులతో, గొడ్డును బాదినట్టు.

తిరిగొచ్చే దారిలో బస్సులో గురువుగారు, "ఆ పిల్ల పక్కన వాయించగలిగిననాడు నువ్వు విద్వాంసుడివి. అంతదాకా ఇంకో డోలును పిలిచావో, నా గడప తొక్కొద్దు" అన్నారు. బుడే మళ్ళీ మొదలుపెట్టాడు. "ఏరా ఊపిరీ" అని.

వచ్చే నెల నుంచీ పెళ్ళిళ్ళు ఒప్పుకుంటున్నాను. చీరాల నుంచి జక్రయ్య అని డోలు మనిషిని మాట్లాడుకుంటాను. నాకిక డోలు వద్దు, ఓపిక లేదు అని నాన్నతో నువ్వే చెప్పు. నువ్వు మానుకుంటే గురువుగారూ ఏమీ అనలేరు. పెద్దవాణ్ణి అడుగుతున్నాను. ఇంతకన్నా బతిమాలను.

లక్ష్మీకాంత్

*

గుడిపాలెం,
25-4-2000

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. పెదవి మానిందా? పీకకు కొబ్బరినూనె రాయి.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. పొద్దున పరీక్ష అయిపోయాక గురువుగారు వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నారు. నువ్వు పెట్టె పట్టుకుని రామాలయంలోకి వెళ్ళావు. నేను వెళ్ళి ఆయన కాళ్ళకు దండం పెట్టాను. లేవనెత్తబోయి నా కుడిచెయ్యి పట్టుకున్నారు. పట్టుకుని వదల్లేదు. తిప్పి చూశారు. ఒక్కొక్క వేలి కొసా తన బొటనవేలితో నొక్కారు. "తెలుస్తోందా తల్లీ?" అన్నారు. లేదండీ అన్నాను. "గూళ్ళేవి?" అన్నారు.

అంతే అన్నయ్యా. ఆ రెండు మాటలకే నాకు అంతా తెలిసిపోయింది. మూడు పాఠాలు రాసిన నీ చెయ్యీ, గీత కింద రాసిన నీ మంచితనమూ, దేవుడి పటం వెనక ఉన్న కార్డూ. నా నమస్కారం ఆయనకు ఎన్నడూ అందలేదు. ఆ అరుగు మీద నవ్విన రోజు తర్వాత నీ నోట నా మాటే ఆయన వినలేదు. ఏడాది పాటు, కల్లంలో కారం మండుతున్నప్పుడు కూడా, నేను తలుచుకున్న గురువు ఈయన కాదు. నువ్వు.

ఒక్క మాట చెబితే చాలు. నీ పీక, సన్నాయిదీ గొంతుదీ రెండూ, అక్కడే కోసేవారు. నోటి దాకా వచ్చింది. అవతల నాన్న గోడకు ఆనుకుని దగ్గుతున్నారు. నాన్నకు ఊపిరి లేదు. నాకు వేళ్ళు లేవు. నిన్నూ తీసేస్తే రాములవారి ముందు ఊదేవాడు ఎవడు? "పోగొట్టుకున్నానండీ, నాదే అశ్రద్ధ" అని చెప్పాను. ఆయన నా చెయ్యి వదిలేసి, "అశ్రద్ధకు ఇంత శిక్షా" అని మొహం తిప్పుకున్నారు. నా జీవితంలో ఆయన నాకు చెప్పింది ఆ ఒక్క పాఠమే.

ఇంకొకటి ఉంది. ఇది నీకు నేను రాయకపోతే ఎవరూ చెప్పరు.

మొన్న నాన్నకు ఆయాసం ఎక్కువైంది. పక్కన కూర్చుని వీపు రాస్తున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. "నిన్ను మోసం చేశానే" అన్నారు. పందెం ఉత్తదేనట. తాతగారి సన్నాయి ఎప్పటికీ నీకేనట. ఎవరు బాగా వాయించినా నీకే ఇద్దామని ముందే అనుకుని, ఆ మాట అప్పుడే గురువుగారికీ కబురు చేశారట. "పెళ్ళయ్యి పోయే పిల్లకి ఎట్టా ఇస్తానే? వాడికి రోషం రావాలని, నీకు ముచ్చట తీరాలని అట్టా అన్నా" అన్నారు.

వింటున్నావా అన్నయ్యా? నువ్వేమీ చెయ్యకపోయినా అది నీదే. నువ్వు ఆ గీత కింద గూళ్ళ మాట రాయకుండా ఉండి ఉంటే, నీకు సన్నాయీ ఉండేది, నాకు వేళ్ళూ ఉండేవి. గడ్డివాము వెనక పగుళ్ళ సన్నాయి మీద నా ధైవతం నేను ఊపుకుంటూ ఉండేదాన్ని. అంతకన్నా నాకు ఏమీ దక్కేది కాదు. దాన్ని కూడా తీసుకున్నావు, ఊరికే.

నాన్నను తిట్టలేకపోయాను. వీపు రాస్తూనే ఉన్నాను. ఆయన చర్మం వెచ్చగా ఉందో చల్లగా ఉందో నా వేళ్ళకు తెలియలేదు.

ఇక నువ్వు అడిగిన సంగతి. డోలు మానను. జక్రయ్యగారికి కబురు పంపి, రావద్దని చెప్పు. గురువుగారు అన్నది నాన్నకు నేనే చెప్పాను. ఆయన పొంగిపోయారు. నువ్వు ఏ ఊళ్ళో ఏ పెళ్ళి ఒప్పుకున్నా నీ పక్కన నేనే కూర్చుంటాను. గూళ్ళు కట్టుకోను, ఇప్పుడు వాటితో పని లేదు. నువ్వు పీక నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నీ కళ్ళ ముందు ఈ మూడు వేళ్ళూ ఆడుతుంటాయి. పెళ్ళి సంబంధాలు చూడొద్దని అమ్మకు చెప్పేశాను. ఈ చేతులు చూసి వచ్చేవాడూ లేడులే.

నన్ను మాన్పించాలని నాన్నకు ఒక్క మాట రాసినా, నీ ఉత్తరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. చదివి వినిపించేది నేనే. ఈసారి గీత దగ్గర ఆగను.

మే ఐదు, శుక్రవారం, సత్తెనపల్లిలో పెళ్ళి. మేళం నాన్న ఒప్పుకున్నారు. పొద్దున్న మొదటి బస్సుకు వచ్చెయ్యి. తోడి వాయించమని పెళ్ళివారు ప్రత్యేకంగా అడిగారట. ఈ పది రోజులూ మంద్రం బాగా సాధకం చెయ్యి. ధైవతం దగ్గర నీకు ఊపిరి ఆడదని నాకు తెలుసు. అక్కడ నేను ఆగను.

నీ పక్కవాద్యం,
కోటేశ్వరి